సైలెన్సర్ మీద నాయన చెయ్యి

మొన్న దుబాయ్‌లో మా ఆఫీసు కింది పార్కింగులో ఎవరో గేటుకు వెల్డింగ్ చేస్తుంటే, కాలిన ఇనుము వాసన మెట్ల మీదుగా పైకొచ్చి ముక్కుకు తగలగానే, చేతిలోని టీ కప్పు కింద పెట్టేసి రెండు చేతులతో తల కప్పుకున్నాను. పక్క సీటు అమ్మాయి కంగారుపడి ఏమైందని అడిగింది. ఆ వాసన వెనకాలే దెబ్బ పడుతుందని నమ్మిన వయసు ఒకటి నాకుందని ఆమెకెలా చెప్పను?

అల్ ఐన్ ఊరి చివర గ్యారేజీల వీధిలో, ఒక గ్యారేజీ వెనక రేకుల గదిలో నాకు ఆరేళ్ల నుంచి పదేళ్ల వరకు గడిచింది. మా నాయన దస్తగిరి అక్కడ వెల్డరు. రాయచోటి పక్క పల్లె నుంచి ఒంటరిగా వచ్చి, కఫీల్, అంటే వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, దయతలిస్తే అమ్మనూ నన్నూ కూడా పిలిపించుకున్నాడు. జూన్ వచ్చిందంటే చెప్పుల్లోంచి కూడా నేల కాలేది, కొళాయి నీళ్లు సలసల కాగేవి, పొద్దున ఆరింటికే సమ్మెట దెబ్బలు మొదలై గోడలు అదిరేవి. రంజాన్‌కు అమ్మ నేతిలో సేమ్యాలు వేయించే కమ్మదనమూ పక్క గ్యారేజీ పెయింటు ఘాటూ కలిసే వచ్చేవి. మేం పిల్లలం పాత బేరింగుల్లోని ఉక్కు గుండ్లు ఏరుకుని ఒకరినొకరు గురిచూసి కొట్టుకునేవాళ్లం. రక్తం కారినవాడు ఓడినట్టు. ఇంట్లో ఆట వేరు. నాయన చెయ్యి బరువు. అన్నం చల్లారితే అమ్మకు, లెక్క తప్పితే నాకు, ఏ తప్పూ లేని రోజు ఇద్దరికీ.

నాకు పదేళ్లప్పుడు, ఎండలు మండే సెలవుల్లో ఆ కారు వచ్చింది. ఒక ముసలి ఇంగ్లీషు సారు పెట్టెల్లో విడిభాగాలుగా తెప్పించుకుని, రెండేళ్లు తన ఇంటి షెడ్డులో సొంతంగా బిగించుకున్నదట. ఎర్రగా, నేలకు ఆనుకుని, పైకప్పూ తలుపులూ లేకుండా పడవలా ఉండేది. పక్క అంచు మీదుగా కాలు ఎత్తి దాటి ఎక్కాలి. ఇంజను నుంచి వచ్చే సైలెన్సర్ గొట్టం సరిగ్గా ఆ కాలు దాటే చోట, కారు బయటే పాములా పాకేది. బండి రోడ్డెక్కడానికి అనుమతిచ్చే తనిఖీ వాళ్లు రెండుసార్లు తిప్పి పంపారు. అతుకుల్లోంచి పొగ సీట్లోకి వస్తోంది, మోత చెవులు చీలుస్తోంది, కాలే గొట్టానికి అడ్డు లేదు అన్నారు.

నాయన దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, అతుకులన్నీ కోసి మళ్లీ వెల్డింగ్ చేయాలన్నాడు. గొట్టాన్ని సీటు వెనకదాకా సాగదీసి, దాని మీద బొక్కల రేకు ఒకటి వేలెడు ఎడంగా బిగించాలన్నాడు. మేము ముదీర్ అని పిలిచే మేనేజరు ఒప్పుకోలేదు. ఆయనది హైదరాబాదు.

"అతుకులు పెట్టు, సాగదియ్, సరే. రేకు గీకు ఏమొద్దు. తనిఖీ రోజు గుడ్డ చుడదాం, పాస్ అయినంక విప్పేద్దాం. ఖలాస్."

"కాలు కాల్తాది భాయ్."

"నీ కాలా? యల్లా, పని చూడు."

నాయన తల వంచుకుని పని చూశాడు. మూడు రోజులు రేకు మాట ఎత్తలేదు.

నాలుగో రోజు పగలు ఇంజను గంటసేపు ఉరికించి ఆపారు. అందరూ భోజనాలకు వెళ్లగానే నేను అవతలి వైపు నుంచి కారెక్కి, స్టీరింగు పట్టుకుని రాయచోటి దాకా నడిపాను. అమ్మ పిలిచింది. గొట్టం ఉన్న వైపు దూకాను. పిక్క గొట్టానికి అంటుకుంది. లాక్కుంటే కాలు వచ్చింది కాని చర్మం రాలేదు.

నా అరుపుకు ముందొచ్చింది ముదీర్. కొత్తగా వెండి రంగు వేసిన గొట్టం మీద అతుక్కున్న చర్మాన్ని చూసి, "ఖరాబ్ చేసినవ్ కదనే!" అని చెంప మీద కొట్టాడు. పెదవి చిట్లింది. అప్పుడే సుత్తితో నాయన వచ్చాడు. నా కోసమే అనుకుని అలవాటుగా తల కప్పుకుని ముడుచుకున్నాను.

సుత్తి నా పక్కనే నేల మీద పడింది. కళ్లు తెరిచేసరికి నాయన ముదీర్ జుట్టు పట్టుకుని ముఖాన్ని బల్ల అంచుకేసి కొడుతున్నాడు. ఒకటి, రెండు, మూడు. ముక్కెముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. ముదీర్ చేతికందిన స్పానరుతో నాయన కనుబొమ్మ చీల్చాడు. కళ్లలోకి నెత్తురు కారుతున్నా నాయన ఆగలేదు. నలుగురు మనుషులు పట్టుకుంటే తప్ప విడిపోలేదు. కాలు మండుతోంది, నోట్లో ఉప్పగా ఉంది, అయినా ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషం. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

నాయన నుదుటికి కుట్లు వేయించుకొచ్చాక, మెచ్చుకుంటుందనుకున్న అమ్మ గుమ్మంలోనే నిలదీసింది.

"వాణ్ని కొడ్తే పాప కాలు మానుతాదా? కాల్తాదని తెల్సు గదా నీకు. మూడు దినాలు యాడికి పోయింది ఈ మొగతనం? రేకు ఎందుకు కట్టల్యా?"

చెయ్యి లేస్తుందని నేను ఎదురుచూశాను. నాయన గోడకానుకుని కూర్చుండిపోయాడు.

మర్నాడు కఫీల్ వచ్చాడు. ముదీర్ పోలీసుల దగ్గరకు పోతానన్నాడు; పసిపిల్లను కొట్టినందుకు తానూ పోతానని, కారు చూసుకోవడానికి వచ్చిన ఇంగ్లీషు సారు అడ్డుపడ్డాడు. చివరికి కఫీల్ తీర్పు చెప్పాడు: కారు పని దస్తగిరే పూర్తిచేయాలి, అది పాసైన మర్నాడే వీసా రద్దు.

వాచిన కంటితోనే నాయన మూడు రోజులు పనిచేశాడు. అతుకుల మీద సబ్బునీళ్లు పోసి, గొట్టం చివర గుడ్డ కుక్కి, ఎక్కడైనా బుడగ లేస్తుందేమోనని నేల మీద పడుకుని చూసేవాడు. రేకు వంచేటప్పుడు సుత్తి దెబ్బలు ఎంత గట్టిగా పడేవంటే, గదిలో ఉన్న నేను ప్రతి దెబ్బకూ కళ్లు మూసుకునేదాన్ని.

తనిఖీకి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నాయనే నడిపాడు. సారు తన ఇంకో కారులో వెనక వచ్చాడు. తనిఖీ చేసే అరబ్బు కుర్రాడు పొగ కొలిచాడు, మోత కొలిచాడు, టార్చి వేసి అడుగుభాగమంతా చూశాడు, తర్వాత నన్ను దిగమని చెయ్యి ఊపాడు. కట్టు కట్టిన కాలు ఎత్తబోయి గొట్టం వైపు చూశాను. దిగనని ఏడ్చాను.

నాయన అటు తిరిగొచ్చి, చొక్కా చెయ్యి పైకి మడిచి, మోకాళ్ల మీద కూర్చుని, ముంజేతిని ఆ రేకు మీద ఆనించాడు. అలాగే ఉంచాడు.

"నా చెయ్యి మీద కాలు పెట్టి దిగు పాపా. ఏం గాదు."

ఆ చెయ్యి మీద కాలు పెట్టి దిగాను. చెయ్యి కాస్త ఎర్రబడింది, కాని కాలలేదు. అరబ్బు కుర్రాడు తన అరచేతినీ రేకు మీద పెట్టి చూసి, "తమామ్" అని కాగితం మీద ముద్ర వేశాడు. వారం తిరక్కుండానే మేం రాయచోటిలో ఉన్నాం.

ఆ తర్వాత నాయన చెయ్యి ఎవరి మీదా లేవలేదని రాయగలిగితే బాగుండేది. నా మీద లేవలేదు. అమ్మ మీద రెండుసార్లు లేచింది. రెండోసారి నేను మధ్యలో నిలబడ్డాను.

నాయన పోయి మూడేళ్లయింది. పోయిన శనివారం అల్ ఐన్ వెళ్లి ఆ వీధి వెతుక్కున్నాను. గ్యారేజీలు లేవు, రేకుల గది లేదు, సమ్మెట మోతలు లేవు; ఆ చోట అద్దాల గోడలతో సోఫాలమ్మే పెద్ద షోరూము. దాని ముందు ఎంతసేపు నిలబడ్డానో, కాపలా మనిషి వచ్చి, "మేడమ్, ఇక్కడ నిలబడకూడదు" అన్నాడు హిందీలో. ఇక్కడ మా ఇల్లుండేదని చెప్పాను. అతను ఆ అద్దాలకేసి ఒకసారి, నాకేసి ఒకసారి చూసి పక్కకు జరిగాడు.