రేపల్లె పాసింజరును ఆపేసిన మాస్టారు

ముందే చెబుతున్నాను, ఇది మీరు నవ్వుకోవడానికి, నేను పళ్లు నూరుకోవడానికి. తెనాలి నుంచి రేపల్లె వెళ్లే పాసింజరు ఒక శుక్రవారం పొద్దున పొలాల మధ్య ముప్పావుగంట నిలబడిపోయింది. ఆపింది వరద కాదు, తుఫాను కాదు, సమ్మె కాదు. నేను. ఆ రోజు ఆ రైల్లో ఉన్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే దయచేసి మళ్లీ మొదలుపెట్టకండి. మీరు తిట్టినవన్నీ నాకు వరసగా గుర్తున్నాయి.

అప్పుడు నాకు ముప్పై ఏళ్లు. తెనాలిలో హైస్కూలు ఫిజిక్స్ మాస్టార్ని. ఆ వయసులో ఒక్కొక్కరికి ఒక్కో పిచ్చి. కొందరికి క్రికెట్టు, కొందరికి రాజకీయం. నాకు మిలిటరీ లారీ పట్టుకుంది. బాపట్ల దగ్గర రొయ్యల చెరువుల ఆసామి ఒకాయన, మిలిటరీ వాళ్లు వాడి పక్కన పడేసిన లారీని వేలంలో పాడుకుని, మేత బస్తాలు తోలి తోలి, చివరికి చెరువు గట్టు మీద వదిలేశాడు. దాన్ని నేను చూశాను. ఆకుపచ్చ రంగు, నా ఛాతీ దాకా వచ్చే చక్రాలు, ఏనుగు నుదురులాంటి బానెట్టు. పెళ్లిచూపుల్లో కూడా నేనంత సేపు రెప్ప వెయ్యకుండా చూడలేదు.

"తీసుకుపోండి మాస్టారూ, గట్టు ఖాళీ అవుతుంది" అన్నాడు ఆసామి.

ఒక మనిషి తన వస్తువుని అంత సంబరంగా వదిలించుకుంటుంటే ఎవరికైనా అనుమానం రావాలి. నాకు రాలేదు. ట్రాక్టరుకి కట్టి తెనాలి లాక్కొచ్చి, మా ఇంటి పక్క ఖాళీ స్థలంలో పెట్టాను. నా భార్య పద్మ తడిచేతులతో బయటికొచ్చింది.

"ఏంటండీ ఇది?"

"లారీ."

"అది లారీ అని నాకూ తెలుస్తోంది. మనకెందుకని."

"బాగుచేస్తాను. ఇలాంటి పాత మిలిటరీ బండ్లు ఇంట్లోనే బాగుచేసుకుని చూసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు పద్మా. అదో సరదా."

"సరదాకి జనం సినిమాకెళ్తారండీ" అని లోపలికెళ్లిపోయింది. ఆ వారం నాకు కూరలో ఉప్పు పడలేదు.

నా సంగతి నాకు తెలుసు కాబట్టి నిజం చెబుతాను. ఫోన్లో వీడియోలు చూసి నేను నెలరోజుల్లో చేయగలిగింది బానెట్టు ఎత్తడం, దించడం. ఆ తర్వాత దేవుడు నా మీద దయతో యెషయాగారిని పంపించాడు. ఆయనది రేపల్లె దగ్గర పల్లె. మిలిటరీలో ఇరవై ఏళ్లు ఇలాంటి బండ్లే బాగుచేసి హవల్దారుగా రిటైరయ్యారు. కళ్లు చూపించుకోవడానికి తెనాలి వచ్చి, రోడ్డు మీంచి లారీని చూసి, తిన్నగా మా ఆవరణలోకి నడిచొచ్చి, పాడి గేదె మెడ నిమిరినట్టు బానెట్టు నిమిరారు. నాతో ఆయన మొదటి మాట:

"దీన్ని ఇంత పాడుచేసిన దరిద్రుడెవడు?"

అలా మొదలైన తిట్లు నాలుగు నెలలు ఆగలేదు. వారానికి రెండుసార్లు పొద్దున్నే రైల్లో వచ్చేవారు. స్పానరు తిరగేసి పట్టుకుంటే తిట్టు. నట్టు కింద పడేస్తే తిట్టు. "ఎంతవరకు చదివావయ్యా?" "బీఎస్సీ, బీఈడీ అండి." "అది చెప్పకు ఎవరికీ." ఇదీ వరస. కానీ ఆయన చెయ్యి పడ్డాక ఆ బండి లేచి కూర్చుంది. ఇంజను మొదటిసారి స్టార్టయిన రోజు వీధి వీధంతా పొగలో మునిగిపోతే, ఆయన కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. పొగవల్లే అన్నారు.

చేసిన పనికి ఏమీ పుచ్చుకోలేదు. ఒక్కటే అడిగారు. "మా ఊళ్లో ఏసుప్రభువుకి కొత్త గుడి కట్టుకున్నాం. కూర్చునే బల్లలు మీ తెనాలి వడ్రంగే చేస్తున్నాడు. బండి బాగయ్యాక అవి తోలిపెట్టు, చాలు." ఆయన ఆ గుడి పెద్దల్లో ఒకరు. ఆదివారం ప్రతిష్ఠ. శనివారం బల్లలు చేర్చాలి. మిగిలింది బ్రేకులు.

బుధవారం ఆయన చక్రాలు విప్పి, లోపలున్న రబ్బర్లు తీసి చూపించారు. ఎండిపోయి, గట్టిపడి, ఆయిలు కారుతున్నాయి.

"విజయవాడ వెళ్లి కొత్తవి తెస్తాను. శుక్రవారం వేద్దాం. అప్పటిదాకా బ్రేకుల జోలికి వెళ్లావో, చూడు."

ఇక్కడ నేను నోరు మూసుకోవలసింది.

"బాబాయిగారూ, ఈ బ్రేకు పనిచేసేది ద్రవాల పీడనం మీదేనండి. ఆ పాఠం పదో తరగతికి చెప్పేది నేనే."

"పిల్లలకి చెప్పుకో. పాపం మార్కుల కోసం వింటారు. బండి వినదు."

గోడవతల పక్కింటి లెక్కల మాస్టారు కిసుక్కుమన్నాడు. ఆ నవ్వుంది చూశారూ, అదే నా కొంప ముంచింది. స్టాఫ్‌రూములో ఆయనకీ నాకూ ఎప్పుడూ పడేది కాదు. యెషయాగారు రైలెక్కి వెళ్లిపోయారు గాని, ఆ నవ్వు మాత్రం నా చెవిలో కాపురం పెట్టింది. అన్నం తింటుంటే నవ్వు. పాఠం చెబుతుంటే నవ్వు. నాకేం తెలియదా? మిలిటరీలో పనిచేస్తే మాత్రం బీఎస్సీ చదివినవాణ్ణి గోడపక్కన నిలబెట్టి అవమానించొచ్చా? కోపంతో ఉడికిపోయి గురువారం, శుక్రవారం రెండ్రోజులూ బడికి సెలవు పెట్టేశాను.

గురువారం పొద్దున పాత రబ్బర్లే తుడిచి, ఉన్నచోట మళ్లీ బిగించాను. ఇక పొయ్యడానికి బ్రేకాయిలు లేదు. చూస్తే మూలన ఇంజనాయిలు డబ్బా ఉంది. కొత్తది, తేనెలా మెరుస్తోంది. ద్రవమేదైనా పీడనం ఒకటే కదా! పాఠంలో ఆ మాట నేనే బోర్డు మీద రాశాను. పోసేశాను. బ్రేకు పైపుల్లో చేరిన గాలి తియ్యడానికి పద్మని పైన స్టీరింగు ముందు కూర్చోబెట్టి నేను కిందకి దూరాను.

"తొక్కు!"

"ఏది?"

"మధ్యది!"

"తొక్కానండీ."

"వదలకు. వదలకంటే వదిలావేంటి?"

"మీరు అరిస్తే కాలు అదే వచ్చేసిందండీ. ఇంకోసారి అరిచారంటే నేను దిగిపోతా, మీరే పైనా కిందా ఉండండి."

సాయంత్రానికి పెడలు రాయిలా గట్టిగా ఉంది. చుక్క కారడం లేదు. నాలుగు నెలలుగా కారుతున్న బ్రేకు నా చేతిలో ఒక్కపూటలో ఆగిపోయింది! లెక్కల మాస్టారి గోడ వైపు తిరిగి రెండుసార్లు గట్టిగా దగ్గాను.

శుక్రవారం పొద్దున్నే వడ్రంగి కోటేశ్వరరావు కొట్టు దగ్గర బల్లలెక్కించాను. ఒకరోజు ముందే యెషయాగారి ముందు దించి, "ఇదండీ బీఎస్సీ" అనాలని నా ప్లాను. కోటేశ్వరరావు నా పక్కనే కూర్చున్నాడు. తెనాలి బజారు దాటేసరికి బండి ఎందుకో బరువుగా లాగుతోంది.

"మాస్టారూ, ఏదో మాడుతున్న వాసనండి."

"ఎవరింట్లోనో పోపు."

వేమూరు దాటాం. "మాస్టారూ, ఇక్కడ ఇళ్లు లేవండి. పోపు మన బండి కిందే ఉందండి."

"బ్రేకులు కొత్తగా బిగించాను కదా, అలాగే ఉంటుంది" అన్నాను, నాకేదో ఎప్పట్నుంచో తెలిసినట్టు. ముందు రైల్వే గేటు తెరిచుంది. నెమ్మదిగా వెళ్దామని బ్రేకు తొక్కి, గట్టెక్కించాను. ముందు చక్రాలు పట్టాలు దాటాయి. వెనక చక్రాలు పట్టాల మీదకొచ్చాయి. అంతే. ఎంత గేరు వేసినా ఇంజను అరుస్తోంది గాని బండి కదలదు. బ్రేకు మీంచి కాలు తీసినా బ్రేకు వదలడం లేదు.

గేటు దగ్గర డ్యూటీలో ఉన్నావిడ పరిగెత్తుకొచ్చింది.

"బండి తియ్యవయ్యా! రైలు టైమైంది!"

"రావట్లేదమ్మా."

"రావట్లేదంటే? ఎక్కించింది నువ్వే కదా!"

ఆవిడ నాలా కాదు, పని తెలిసిన మనిషి. ఫోను చేసి, గేటు పడలేదని చెప్పి, సిగ్నలు ఎర్రగానే ఉంచి, ఎర్రజెండా పట్టుకుని పట్టాల వెంట నడిచింది. వెళ్తూ వెళ్తూ నన్నూ, నన్ను కన్నవాళ్లనీ, నాకు లైసెన్సిచ్చినవాణ్ణీ దులిపేసింది. దూరంగా పాసింజరు వచ్చి ఆగింది. ఆగి కూత పెట్టింది. కూతలో కూడా కోపం ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

పావుగంటకి జనం దిగడం మొదలుపెట్టారు. మన జిల్లాలో సలహాలకి కరువు లేదు.

"రివర్స్ వెయ్యండి సార్!"

"చక్రం మీద నీళ్లు కొట్టండి!"

"బల్లలు దించెయ్యండి, బరువుకి పట్టేసింది!"

ఈలోగా ఒకాయన నా మొహంలోకి వంగి చూసి, "ఈయన మా అమ్మాయికి ఫిజిక్స్ చెప్పే సారేనండీ!" అన్నాడు. వెనకనుంచి ఇంకెవరో, "అయితే ఆ పిల్లకి ట్యూషన్ పెట్టించండి" అన్నారు. బండి కింద దూరిపోదామంటే సలహాలిచ్చేవాళ్లు అక్కడ కూడా వంగి చూస్తున్నారు.

అప్పుడు జనం పక్కకి తప్పుకున్నారు. పట్టాల వెంట, చేతిలో గుడ్డసంచితో, వీపు కర్రలా నిలబెట్టి ఒక మనిషి నడిచొస్తున్నాడు. యెషయాగారు. విజయవాడ నుంచి రబ్బర్లు తీసుకుని తెనాలిలో మా ఇంటికెళ్తే, బ్రేకులు నేనే బిగించుకుని రేపల్లె వెళ్లానని పద్మ చెప్పిందట. మండిపడి, వచ్చిన రైలెక్కారు. నేనాపిన రైలే అది.

నేను కళ్లు మూసుకున్నాను. ఆయన తిట్టలేదు. కళ్లు తెరిచేసరికి ఆయన చొక్కా విప్పి సంచిలో పెట్టి, స్పానరు పట్టుకుని లారీ కిందకి పాకుతున్నారు. చక్రం దగ్గర చిన్న నట్టు వదులు చేశారు. ఆయిలు చివ్వున చిమ్మింది. చక్రం వదిలింది. వేలికంటిన ఆయిలు రుద్ది చూసి, వాసన చూసి, తల బయటపెట్టారు.

"ఏంటిది?"

"ఇంజనాయిలండి."

సలహాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

"ద్రవమే కదా అని..." అన్నాను.

ఆయన మళ్లీ కిందకి దూరారు. మిగతా చక్రాలకీ నట్లు వదులు చేసి, "తొయ్యండయ్యా" అన్నారు. పాసింజరు జనమంతా కలిసి తోస్తే లారీ గేటు దాటి పక్కనున్న మెరక మీద ఆగింది. రైలు కదిలింది. కిటికీ కిటికీకీ ఒక తిట్టు నా ముందు నుంచి వెళ్లింది. యెషయాగారు రైలెక్కలేదు. ఊరికి ఫోను చేసి ట్రాక్టరు పిలిపించి, బల్లలు అందులోకి ఎక్కించారు. ఇంజనాయిలు తగిలితే బ్రేకు రబ్బర్లు ఉబ్బిపోయి బిగుసుకుంటాయని కోటేశ్వరరావుకి వివరంగా చెప్పారు. పక్కనే ఉన్న నాకు చెప్పలేదు. అంటే నేను మెచ్చుకున్న ఆ గట్టి పెడలు, ఆ కారకపోవడం, అదంతా రబ్బర్లకి వచ్చిన వాపు!

లారీని మళ్లీ ట్రాక్టరుకి కట్టి ఇంటికి లాక్కొచ్చాను. రైల్వే వాళ్లు కేసు రాశారు. కోర్టులో తప్పొప్పుకుని జరిమానా కట్టాను. అది నాకు పెద్ద బాధ కాలేదు.

ఆదివారం నేనూ పద్మా ప్రతిష్ఠకి వెళ్లి, చివరి బల్ల మీద కూర్చున్నాం. పాస్టరు అయ్యగారు సాయం చేసినవాళ్లందరికీ వందనాలు చెబుతూ, "ఈ బల్లల కోసం రైలును సైతం ఆపిన మాస్టారికి" అనేసరికి గుడంతా గొల్లున నవ్వింది. యెషయాగారు నవ్వలేదు. ఆరాధన అయ్యాక వెళ్లి ఆయన ముందు నిలబడ్డాను.

"తప్పయిపోయింది బాబాయిగారూ."

"గేటు దగ్గర ఆ అమ్మాయి తన పని తను చేసింది కాబట్టి సరిపోయింది" అన్నారు మెల్లగా. "లేకపోతే? ఆ రైల్లో పసిబిడ్డల తల్లులున్నారు. నా మీద కోపముంటే నన్నొకటి కొట్టాల్సింది మాస్టారూ. బ్రేకు మీద చూపిస్తారా మీరు?"

'మీరు' అన్నారు. నాలుగు నెలల్లో ఎప్పుడూ అనలేదు. చెంపదెబ్బ అంతకంటే మెత్తగా ఉండేది. నా మీద నాకే వచ్చిన కోపం ఆ రోజు నుంచి తగ్గలేదు, ఇది రాస్తుంటే కూడా చెవులు వేడెక్కుతున్నాయి.

పద్నాలుగు రోజులు ఆయన రాలేదు. ప్రతి రైలుకీ నేను మా ఇంటి గేటు దగ్గర నిలబడేవాణ్ణి. పదిహేనో రోజు వచ్చారు. మాటల్లేవు. రబ్బర్లు నా చేతిలో పెట్టి, స్టూలు మీద కూర్చున్నారు. పైపులన్నీ కడిగి, అన్ని చక్రాలకీ కొత్త రబ్బర్లు నేనే వేశాను. ఆయన తలాడించడం, తల అడ్డంగా ఊపడం, అంతే. పద్మ ఇచ్చిన కాఫీ తాగారు. ఆ నిశ్శబ్దంలో నేను చచ్చిపోతున్నాను. చివరికి బ్రేకాయిలు పోస్తూ డబ్బా మూత తీసి మట్టిలో పెట్టాను.

"ఒరేయ్!"

గోడ మీది కాకులు లేచిపోయాయి.

"మూత మట్టిలో పెడతావంట్రా? ఇసక లోపలికెళ్తే ఏమవుద్దో తెలుసా? బుద్ధుందా? నీకు డిగ్రీ ఇచ్చినవాణ్ణి తీసుకురా, వాడితో మాట్లాడాలి!"

పద్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. లెక్కల మాస్టారి తల గోడ మీద మొలిచింది. నాకు కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి, నవ్వొస్తోంది.

"ఏంట్రా ఆ నవ్వు?"

"ఏం లేదండి బాబాయిగారూ. ఇంకా తిట్టండి."

కాబట్టి చదివేవారందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట కోపంగా ఉన్నప్పుడు స్పానరు ముట్టను. పని తెలిసిన మనిషి తిడుతుంటే పాఠం అప్పజెప్పను. ఏ బండిలో ఏం పోసినా ముందు డబ్బా మీద రాసింది చివరిదాకా చదువుతాను. ఇది నా పూర్తి స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా రాసిస్తున్న మాట.

సాక్షి సంతకం పెట్టమని ఈ కాగితం పద్మకిచ్చాను. ఆవిడ మొత్తం చదివి, అంచున పడిన నా గ్రీజు వేలిముద్రలు నాలుగూ లెక్కపెట్టి, "మళ్లీ ఏం విప్పారు?" అంది.