ఎండపిల్లాడి మీద నలభై రెండు చీటీలు

ఎవరైనా పుస్తకం గురించి అభిప్రాయం చెప్పబోతే ఈమధ్య నాకు నీరసం వస్తోంది. ముప్పై రెండేళ్ళుగా తెలుగు టీచరుగా పిల్లల రాతలు దిద్దుతున్నాను. ఇంకో ఏడాది దిద్దితే రిటైరవుతాను. మెడ నొప్పి, కళ్ళ మంట, బొటనవేలికి చెరగని ఎర్ర మరక, ఇవీ నా సంపాదన. ఆ ఎర్ర సిరాతో నేను చేసిన ఒక పని చెప్పుకోవాలి. చెప్పుకుంటే బరువు తగ్గుతుందని కాదు. తగ్గలేదు కూడా.

ఉద్యోగం కొత్తలో కడప నుంచి ఒక పిల్లల మాసపత్రిక వచ్చేది. దాంట్లో నెలనెలా ఒక బొమ్మల కథ రాసేదాన్ని. హీరో పదిహేనేళ్ళ పిల్లాడు. పొద్దంతా ఎండను అరచేతుల్లోకి పీల్చుకుని, అవసరమొచ్చినప్పుడు బయటికి వదులుతాడు. కర్నూలులో పుట్టి పెరిగినదానికి నాకు ఇంతకన్నా వేరే శక్తి ఏం తోస్తుంది? వాడికి ఒక పేరుండేది గానీ పాఠకులంతా ఎండపిల్లాడనే అనేవాళ్ళు. తాళాలు కరిగించేవాడు, దొంగల జీపు టైర్లు పేల్చేవాడు, కళ్ళంలో తడిసిపోయిన శెనక్కాయలు చిటికెలో ఆరబెట్టేవాడు. ఇంత చేసి ఇంటికి పోతే వాళ్ళవ్వ గడపలోనే నిలబెట్టి తిట్లు లంకించుకునేది. ఆ తిట్లు రాయడమంటే నాకు మహా సరదా. చదివేవాళ్ళు నవ్వాలని రాసేదాన్ని, నవ్వేవాళ్ళు కూడా.

బొమ్మలు వేసేది కడపలో బోర్డులు రాసే పెయింటరు. నాకన్నా పదేళ్ళు పెద్ద. అంగళ్ళ బోర్డులు, లారీల వెనక అక్షరాలు, చర్చి గోడల మీద వాక్యాలు, ఆ ఊళ్ళో చాలావరకు ఆయన చేతివే. ఆదివారం ఆరాధన ముగిశాక ఇంటికొచ్చి, భోంచేసి, మా పిల్లాడి బొమ్మలకు కూర్చునేవాడు. నేను ఆయన్ను అన్నా అనేదాన్ని, ఆయన నన్ను ‘మ్మా’ అనేవాడు. మేమిద్దరం కలిసి కూర్చుని పని చేసింది తక్కువ. నేను మాటలు రాసి పోస్టులో పంపేదాన్ని, ఆయన బొమ్మలు గీసి పత్రికకు ఇచ్చేవాడు. కొన్నేళ్ళకు పత్రిక ఆగిపోయింది. ఆ తర్వాత ఫ్లెక్సీలొచ్చి ఆయన బోర్డులు కూడా ఆగిపోయాయి.

రెండేళ్ళ కింద ఆ పత్రిక నడిపినాయన కూతురు ఫోన్ చేసింది. ఎండపిల్లాణ్ణి ఇప్పటి పిల్లాడిలా మార్చి, పుస్తకాలుగా మళ్ళీ తెద్దామంది. వాడు కర్నూలులో తొమ్మిదో తరగతి చదవాలి, జీన్సు వేసుకోవాలి, చేతిలో ఫోనుండాలి. “అవ్వను మాత్రం తీయొద్దు” అన్నాను. “సరే ఆంటీ” అంది. పెయింటరన్న సంతోషం అంతా ఇంతా కాదు. వారం తిరక్కుండానే ఫోన్ చేశాడు.

“మ్మా, జీన్సు ప్యాంటుకు మోకాలి కాడ మడత ఎట్ల పడుతుందో చూసేదానికి మూడు దినాలు బస్టాండులో కూసున్నా. ఎవురో పిల్లోడు ‘ఏం తాతా, అట్ల చూస్తాండావు’ అని కొట్టేదానికొచ్చినాడు.”

అలా ఆరు నెలలకొకటి చొప్పున మూడు పుస్తకాలొచ్చాయి. వాటితోపాటు అభిప్రాయాలు మొదలయ్యాయి. పాత పాఠకులు ఒక ఫోన్ గ్రూపు పెట్టుకున్నారు, అందులో నన్ను కూడా చేర్చారు. రాయచోటిలో ఉండే ఒక రిటైర్డు ఉద్యోగి రోజూ పొద్దున్నే, ఎండపిల్లాడికి జీన్సు తొడిగి మా బాల్యాన్ని బజారున పడేశారని రాసేవాడు. బనగానపల్లె మామిడి వ్యాపారి ఒకాయన, వాడు మళ్ళీ పల్లెకు పోయేదాకా కొననని ఒట్టేసుకున్నాడు, అయినా మూడూ కొన్నాడు. ఇంకొకావిడకు వాడి జుట్టు నచ్చలేదు. వీళ్ళలో ఒక్కరు కూడా పదిహేనేళ్ళవాళ్ళు కాదు, నలభై దాటినవాళ్ళే. చదివి చదివి నాకు విసుగుపుట్టి గ్రూపు శబ్దం ఆపేశాను.

మూడో పుస్తకం వచ్చిన నెలకు ఆ అమ్మాయి మళ్ళీ ఫోన్ చేసింది. విషయం చెప్పలేక నీళ్ళు నమిలింది.

“ఆంటీ, నాలుగో పుస్తకం నుంచి బొమ్మలు కంప్యూటర్ టీముకు ఇద్దామంటున్నారు మా ఆఫీసువాళ్ళు. అంకుల్ గీత పాతబడిందంటున్నారు. నాకు మనసొప్పడంలేదు. ఇప్పటి పిల్లలకు ఆయన బొమ్మలు ఎక్కుతున్నాయని తెలిస్తే నేను వాళ్ళతో కొట్లాడగలను. మీ స్కూల్లో పిల్లలచేత చదివించి, వాళ్ళకు తోచింది తోచినట్టు చీటీల మీద రాయించి పంపుతారా?”

పంపుతానన్నాను. పెయింటరన్నకు కూడా విషయం చెప్పేసింది ఆమె. ఆయన నాకు ఫోన్ చేసి ఒక్క మాటే అన్నాడు. “బాగలేదంటే బాగలేదనే రాయనీమ్మా. కానీ చూసినారా లేదా, అది తెలిస్తే సాలు.” ఆయనకిప్పుడు ఆ బొమ్మలు తప్ప ఇంకో పని లేదు. అది నాకు తెలుసు. తెలిసి కూడా చేశాను.

తొమ్మిదో తరగతిలో నలభై రెండు మంది. బెంచీకో పుస్తకం ఇచ్చి వారం రోజులు తిప్పించాను. తర్వాత తలా ఒక చీటీ ఇచ్చి మీకేమనిపిస్తే అది రాయండన్నాను. రాశారు. బాగానే రాశారు.

“చేత్తో ఫోన్ చార్జింగ్ చేసేవాడు పవర్ బ్యాంకు అవుతాడు, హీరో ఎట్లవుతాడు?” అని ఒకరు. “విలన్ మే నెలలో కోటేసుకుని మన కొండారెడ్డి బురుజు కాడ నిలబడినాడు, వానికి బుద్ధి లేదా?” అని ఇంకొకరు. ఒక అమ్మాయి, “కథలో ఉండే అమ్మాయి ఊరికే నవ్వుతాది. మేం అంత నవ్వం” అని రాసింది. “హీరో ఉరికేటప్పుడు మోకాళ్ళ నొప్పులున్న తాత లెక్క ఉరుకుతాడు. కానీ ఎండ మాత్రం నిజంగా మంటగా ఉండాది, చూస్తే కండ్లు మూసుకోవాలనిపిస్తాది.” “అవ్వ తిట్లు శానా బాగుండాయి, మా ఇంట్లో కూడా ఇట్లనే.”

ఆ చీటీలను స్టాఫ్ రూముకు తెచ్చుకున్నాను. మధ్యాహ్నం మూడు గంటలు. ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి రావడంలేదు. అంతకుముందే పదో తరగతి ప్రీఫైనల్ పేపర్లు రెండు కట్టలు దిద్ది ఉన్నాను. చెయ్యి అదే ఊపులో ఉంది. చీటీల కట్ట ముందు పెట్టుకుని, పెన్ను మూత తీసి, దిద్దడం మొదలుపెట్టాను.

కావాలని చేయలేదు. నా ముందు పిల్లల రాత పడితే చెయ్యి దానంతటదే పోతుంది, అంతే. తప్పులు సరిచేశాను. పవర్ బ్యాంకు చీటీ మీద ‘పెద్దల కృషిని గౌరవించాలి’ అని రాసి ఐదుకు రెండు వేశాను. విలన్ చీటీ మీద ‘భాష మర్యాదగా ఉండాలి’. అమ్మాయి చీటీ మీద ‘కారణాలు రాయలేదు’. నలభై రెండూ అయ్యాక చూసుకుంటే మార్కులు కూడా వేసి ఉన్నాను. నవ్వొచ్చింది. నవ్వుకుని ఆగి ఉంటే సరిపోయేది. మర్నాడు చీటీలు పంచి, తప్పులు చూసుకుని ఫెయిర్ కాపీ రాసి, రఫ్ జతచేసి ఇవ్వమన్నాను. ముప్పై రెండేళ్ళుగా ప్రతి రాతకూ చెప్పే మాటే అది. బయటి ఊరికి పోయే కాగితాలు శుభ్రంగా ఉండాలి కదా అనుకున్నాను.

పిల్లలు తెలివైనవాళ్ళు. రెండు మార్కులొచ్చినవాడు పక్కన నాలుగొచ్చినవాడి చీటీ చూశాడు. ఫెయిర్ కాపీలు వచ్చేసరికి అందరి మాటా ఒకటే అయింది. ‘ఈ కథ మనకు చక్కని నీతిని బోధించుచున్నది. చిత్రములు కనులకు ఇంపుగా ఉన్నవి. రచయిత్రికి, చిత్రకారునికి నా అభినందనలు.’ నేను వాటిని చూసి, సిగ్గు విడిచి చెబుతున్నాను, ముచ్చటపడ్డాను. పెయింటరన్న పని నిలబడినట్టేననుకున్నాను. రఫ్ చీటీలు తీసి పక్కనపెట్టి, ఫెయిర్ కాపీలు మాత్రం కవరులో పెట్టి పంపించేశాను.

పది రోజులకు ఫోనొచ్చింది.

“ఆంటీ, ఏమనుకోవద్దు. మావాళ్ళు చూసి నవ్వారు. మేడమ్ చెప్పి రాయించిందన్నారు. నలభై రెండు మందిలో ఒక్కరికి కూడా ఒక్క బొమ్మయినా గుర్తున్నట్టు లేదు ఆంటీ. ఇంక నేనేం మాట్లాడేది?”

రఫ్ చీటీలున్నాయి, వాటిని పంపుతానని చెప్పాను. టీముకు మాట ఇచ్చేశామంది ఆమె. పుస్తకం మీద పాత బొమ్మలవారిగా అంకుల్ పేరు వేస్తామంది. మాటలు మాత్రం నన్నే రాయమంది. ఫోన్ పెట్టేసి, బెల్లు కొడితే ఎనిమిదో తరగతికి పోయి పాఠం చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు.

ఫోనులో చెప్పే విషయం కాదని ఆదివారం కడప బస్సెక్కాను. నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు, ఎన్నిసార్లు చూసిన దారో. కిటికీలోంచి వడగాలి మొహాన కొడుతుంటే, ఈ ఎండను పట్టుకుని కథ అల్లిన కాలంలో నాకెంత ఓపికుండేదా అనిపించింది. రఫ్ చీటీలు ఒళ్ళో సంచిలో ఉన్నాయి. మళ్ళీ తెరిచి చదివే ధైర్యం రాలేదు.

పెయింటరన్న చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టున్నాడు, తెల్లచొక్కాలోనే ఉన్నాడు. కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చాడు. నేను దాచకుండా అంతా చెప్పాను. దిద్దడం, మార్కులు, ఫెయిర్ కాపీ, అన్నీ. తప్పు నాదే అన్నాను. ఆయన కోప్పడితే బాగుండుననిపించింది.

“పోనీలేమ్మా. అలవాటు యాడికి పోతాది,” అన్నాడు. “ఆ చీటీలు ఈడికి తెచ్చినావా?”

సంచి అందించాను. అద్దాలు పెట్టుకుని ఒక్కొక్కటే చదివాడు. నా ఎర్ర గీతల కిందినుంచి పిల్లల అక్షరాలు వెతుక్కుంటూ చదవాల్సొచ్చింది ఆయనకు. మోకాళ్ళ నొప్పుల తాత చీటీకి పగలబడి నవ్వి, “నిజమేమ్మా, అద్దంలో నన్ను నేను చూసుకోనే గీసినా” అన్నాడు. ఎండ మంట గురించి రాసింది రెండుసార్లు చదివాడు. తర్వాత ఒక చీటీ దగ్గర ఆగిపోయాడు. ఏముందన్నా అని అడిగితే నా చేతికిచ్చాడు.

“అవ్వ తిట్టేటప్పుడు ప్రతి బొమ్మలో చెంగు పిడికిట్లో గట్టిగా పట్టుకోనుంటాది. నోరు కోపంగా ఉండాది, చెయ్యి భయంగా ఉండాది. పిల్లోడు ఒక దినం తిరిగి రాడని ఆమెకు భయం. ఈ మాట కథలో రాయలేదు, కానీ బొమ్మలో ఉండాది.”

దాని మీద అడ్డంగా ఎర్ర గీత. కింద నా చేతిరాత: ‘కథలో లేని విషయం. మళ్ళీ చదువు.’

“ఉండాదిమ్మా,” అన్నాడు పెయింటరన్న. “మొదటి బొమ్మ కాడ నుంచీ ఉండాది. మా యమ్మ అట్లనే పట్టుకునేది.”

నేను చూడలేదు. అన్నేళ్ళు ఆ బొమ్మల పక్కనే మాటలు రాశాను, నవ్వు కోసం తిట్లు రాశాను, ఒక్కసారి కూడా ఆ చెయ్యి చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

ఆయన చీటీ వెనక్కి తీసుకుని, మడత సాపు చేసి, మూలన వేసిన అంకె కేసి చూశాడు.

“ఎన్ని మార్కులేసినావుమ్మా దీనికి?”

“ఐదుకు ఒకటి, అన్నా,” అన్నాను. “అదీ దస్తూరి బాగుందని.”