పాకం ముదురుతా ఉండాది

ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి. చేతిలో పని ఉంటే అదీ తెచ్చుకోండి. మా ఇల్లు పోబోయిన కథ చెబుతాను.

తమిళనాడు కోవిల్‌పట్టిలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో మా ఆయనా, మా అన్నా కలిసి కడలమిఠాయి చేసేవాళ్లు. వేయించిన వేరుశెనగ పప్పును బెల్లప్పాకంలో కలిపి, పలకగా పరిచి కోసే మిఠాయి అది. పాకం దగ్గర ఒక్క మనిషి చాలడు. ఒకరు తెడ్డు ఆపకుండా తిప్పాలి, ఇంకొకరు అదను చూసి పప్పు కుమ్మరించాలి. అన్న టీకని వీధి చివరికి వెళ్లేవాడు. నేను గోడ మీదుగా "అన్నా, పాకం ముదురుతా ఉండాదీ!" అని కేకేస్తే గ్లాసు అక్కడే వదిలి పరుగెత్తుకొచ్చేవాడు.

పోయిన వానలకు ముందు అన్న విరుదునగర్ మండీ నుంచి లారీ నిండా పప్పు అప్పు మీద తెచ్చాడు. ఒక్కడే వెళ్లాడు, ఒక్కడే సంతకం పెట్టాడు. షెడ్డులోకి నీళ్లొచ్చి పప్పంతా బూజు పట్టింది. ఆ వారమే అన్న కనబడకుండా పోయాడు. తూత్తుకుడిలో ఉప్పు మూటలు మోస్తున్నాడని ఎవరో అన్నారు. ఫోన్ చేస్తే ఎత్తడు.

అప్పటినుంచి నాకు నిలకడ లేదు. వాకిట్లో బండి ఆగితే చాలు, మండీ మనిషేమోనని బియ్యం కడిగే చేత్తోనే లేచిపోయేదాన్ని. కడిగిన గిన్నెనే మళ్లీ కడిగేదాన్ని. మా ఆయన మాత్రం "సంతకం మీ అన్నది. రొంబ పోతే, మహా అంటే మన పాలు సగం, అంతే" అనేవాడు. మా ఇళ్లల్లో వాటాను పాలు అంటాం.

ఆ మాటే పట్టుకుని ఇద్దరం విరుదునగర్ బస్సెక్కాం. మండీ యజమాని పెద్దాయన, ఇంట్లో మాలాగే తెలుగు మాట్లాడేవాడు. దాంతో మా ఆయనకు ధైర్యం వచ్చింది.

"మా పాలు సగం ఇచ్చేస్తాం మామా. మిగిలింది బావని అడగండి."

ఆయన పకపకా నవ్వాడు. "చెంబుతో కొలిచి పోసేదానికి ఇదేమన్నా ఆవుపాలా అబ్బా? కూట్టు యాపారంలో, ఇద్దురూ కలిసి చేసేదాంట్లో, ఒగడు సంతకం పెడితే ఇద్దురూ పెట్టినట్టే. మీ బావది బాడుగిల్లు, నీది సొంతిల్లు. నేను ఎవురింటికి రావాల? నువ్వే చెప్పు."

"ఇల్లు యాపారంలో లేదు కదా మామా! అది మాయమ్మ ఇచ్చింది."

"యాపారంలో ఉండేది చాలకపోతే ఇంట్లో ఉండేదే. వక్కీలుని అడిగి చూడు, పో."

అడిగాం. వకీలూ అదే చెప్పాడు. బాకీ మొత్తం ఒక్కరి దగ్గరే రాబట్టుకోవచ్చట. కట్టినవాడు ఆ తర్వాత రెండోవాణ్ణి వాటా అడుక్కోవాలట.

బస్టాండులో మా ఆయన బెంచీ మీద కూలబడ్డాడు. నాకు కూర్చోబుద్ధి కాలేదు. టీ కొట్టతని ఫోన్ అడిగి తీసుకున్నాను. కొత్త నంబరు కదా, అన్న ఎత్తాడు. తిట్టాలని ఎన్నో అనుకున్నాను. నోట్లోంచి వచ్చింది మాత్రం ఒకటే మాట.

"అన్నా, పాకం ముదురుతా ఉండాది."

అవతల లారీల చప్పుడు. "ఎందాక ముదిరిందే?" అన్నాడు.

"ఇంటిదాకా."

మర్నాడు పొద్దున మొదటి బస్సుకే దిగాడు, కాళ్లు ఉప్పుకి పగిలిపోయి ఉన్నాయి. షెడ్డులో పాకం తిప్పుతున్న మా ఆయన తలెత్తలేదు. "వచ్చినావా బావా? తెడ్డు పట్టు, చెయ్యి నొస్తా ఉండాది" అన్నాడు.

ఇద్దరూ కలిసి వెళ్లి నిలబడితే మండీ ఆయన గడువిచ్చాడు. ఈసారి రెండు సంతకాలు. ఇంకా కడుతూనే ఉన్నాం. వాకిట్లో బండి ఆగితే ఇప్పటికీ లేస్తాను.

మీ ఇంట కలిసి సంతకం పెట్టినవాళ్లు కలిసే అన్నం తినాలి. మీరు పిలిస్తే పలికే తోడు ఎప్పుడూ కేక దూరంలోనే ఉండాలి. చల్లగా ఉండండి తల్లీ.