పుల్లయ్య ఎత్తని చెయ్యి

పుల్లయ్యకు ఒకటే జబ్బు. నలుగురూ ఒక మాట మీదికి వచ్చారంటే చాలు, ఆయన ఆ మాట మీంచి దిగిపోతాడు.

గల్ఫ్‌లో, మంగఫ్ అనే చోట కంపెనీ ఇచ్చిన ఆ గది నలుగురికని కట్టింది, ఎనిమిది మందిని పెట్టారు. ఆ సంగతి మీద వాళ్ల ఇష్టం ఎవరూ అడగలేదు గనక, మిగతా అన్నింటి మీదా గదివాళ్లు పంచాయితీ పెట్టుకునేవారు. అందరి చేతులూ లేస్తేనే తీర్మానం. ఏసీ తగ్గిద్దామంటే మిగతా అందరి చేతులూ లేచేవి, పుల్లయ్యది మాత్రం తువ్వాలు కిందే ఉండేది. ఒకసారి సొరకాయ కూర మానేద్దామని ఆయనే గోల పెట్టాడు. సరేనని అందరూ చేతులెత్తగానే, "సొరకాయ ఏం పాపం చేసిందప్పా?" అన్నాడు.

"నీ మాటకి నువ్వే ఎదురు తిరుగుతాండావేమన్నా?" అని అదే గదిలో ఉండే గంగాధర నెత్తి పట్టుకున్నాడు.

"ఇంత తొందరగా ఒప్పుకుంటారనుకోలేదు. అనుమానం వచ్చింది."

ఆ జబ్బుకు మందు స్టీలు గ్లాసు నిండా టీ. ఊదుకుంటూ తాగి, గ్లాసు బోర్లించి, అప్పుడు చెయ్యెత్తేవాడు. కంపెనీ జీతాలు పెంచినా ఈయన టీ అయ్యేదాకా పెరగవని గంగాధర అందరికీ చెప్పి నవ్వేవాడు.

గదుల్లో వంట చేయకూడదని కంపెనీ రూలు. కంపెనీ పంపే అన్నం నోట పెట్టలేమని చెప్పుకోవడానికి మాత్రం ఏ రూలూ లేదు. అందుకని గంగాధర మంచం కింద కరెంటు స్టవ్వు దాచారు. శుక్రవారం సెలవు, ఆ రోజు రాగిసంగటి. గిన్నె నేల మీద పెట్టి, కాళ్లతో అదిమిపట్టి, తెడ్డుతో బలంకొద్దీ కెలికేవారు.

ఒక శుక్రవారం తిని పడుకున్నాక క్యాంపు సూపర్‌వైజరు వచ్చాడు. దేనికో చెప్పలేదు. మోకాళ్ల మీద వంగి మంచాల కిందంతా వెతికి, స్టవ్వు చంకన పెట్టుకుని పోయాడు.

ఆ తర్వాతి శుక్రవారం పొద్దున్నే పంచాయితీ. ముద్దాయి దేవదానం. అమలాపురం వైపు మనిషి, షర్క్ అనే పేటలో ఆఫీసులు తుడిచే పని. అతని మీద గంగాధర రెండు సాక్ష్యాలు చూపించాడు. ఒకటి, స్టవ్వు పోవడానికి ముందు సూపర్‌వైజరుతో గేటు దగ్గర మాట్లాడాడు. రెండు, సంగటి ముట్టడు, స్టవ్వు పోతే అతనికి పోయేదేం లేదు. ఎవరూ చెప్పకపోతే సూపర్‌వైజరు నేరుగా మంచాల కిందికే ఎందుకు వంగుతాడు?

"ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు గడువు సంగతి అడిగానండీ, అంతే," అని దేవదానం తల వంచుకున్నాడు.

గదిలోంచి పంపేయాలని ప్రతిపాదన. పంపితే చాడీకోరన్న పేరు అతనికంటే ముందే అన్ని గదులకూ చేరుతుంది. ఎవరూ పక్క ఇవ్వరు, పొయ్యి కలపరు. అయినా చేతులు ఒక్కొక్కటే లేచాయి. ఎత్తినవాళ్లు దేవదానం వైపు చూడలేదు, పక్కవాడి చేతి వైపు చూశారు. దేవదానం ఆవకాయ రోజూ తినే సిద్ధయ్య కూడా అటూ ఇటూ చూసి ఎత్తేశాడు.

"కాదు," అన్నాడు పుల్లయ్య.

ఎవరూ ఆశ్చర్యపోలేదు. కెటిల్‌లో నీళ్లు పెట్టారు. ఆయన తాగాడు, గ్లాసు బోర్లించాడు. చెయ్యి లేవలేదు. ఇంకో గ్లాసు పోశారు. అదీ బోర్లింది. చెయ్యి తువ్వాలు కిందే ఉంది.

"నీకేమన్నా తెలుసా అన్నా?" అన్నాడు గంగాధర.

"ఏం తెలీదు. తెలీకుండా చెయ్యెట్ల ఎత్తేది? ఆకలిగా ఉండాది. సంగటి చెయ్యి, తిన్నాక చూద్దాం."

గంగాధర పళ్లు నూరుతూ పక్క గదిలో స్టవ్వు అడిగి తెచ్చాడు. కోపమంతా తెడ్డు మీద చూపించాడు. నేల దద్దరిల్లింది.

తలుపు కూడా దద్దరిల్లింది. కింది గదిలో ఉండే బెంగాలీ మనిషి లుంగీతో, ఎర్రటి కళ్లతో నిలబడి హిందీలో విరుచుకుపడ్డాడు. రాత్రంతా డ్యూటీ చేసి పడుకుంటే శుక్రవారం శుక్రవారం ఈ సుత్తి దెబ్బలేమిటి? తను సూపర్‌వైజరుకు చెప్పి వెతికించినా ఆ సుత్తి దొరకలేదా? ఎక్కడ దాచారు?

అందరూ గంగాధర చేతిలో తెడ్డు వైపు చూశారు.

మొదటి ముద్ద దేవదానానికే పెట్టారు. అతను నమలబోతే, "మింగాలప్పా," అని గంగాధరే పక్కన కూర్చుని నేర్పించాడు. కింది మనిషికీ ఒక ముద్ద వెళ్లింది.

గిన్నెలు కడిగేటప్పుడు గంగాధర మెల్లగా అడిగాడు. "సరే, ఇది న్యాయం. సొరకాయక్కూడా ఎందుకన్నా అడ్డం పడేది?"

"ఎప్పుడూ తలూపి ఈ పొద్దొక్కటే కాదనింటే, నన్నూ చాడీకోరుల్లో కలిపేసిందువు. సొరకాయ కాడ అలవాటు చేసినా గనకనే, తిట్టకుండా టీ ఇచ్చి కూర్చోబెట్నారు."

గంగాధర చేతిలో గిన్నె అలాగే ఆగిపోయింది. ఏసీ, సొరకాయ, ఇన్నేళ్ల గోల అంతా కళ్ల ముందు తిరిగింది. ఒక్కడు కాదంటే మిగతావాళ్లు ఆగేలా, ఈ మనిషి గది మొత్తానికీ నేర్పిపెట్టాడు. పెద్ద కొండను చూసినట్టు ఆయన్ని చూశాడు. ఆ కొండ గిన్నె అడుగు మాడిందని గొణుక్కుంటోంది.

సాయంత్రం గంగాధర లేచి, ఇకమీదట పుల్లయ్యన్న కాదంటే సణగకుండా టీ ఇవ్వాలని తీర్మానం పెట్టాడు. అందరి చేతులూ ఒక్కసారే లేచాయి.

"కాదు," అన్నాడు పుల్లయ్య.

గది గొల్లుమంది. అంతలో దేవదానం ఎత్తిన చెయ్యి మెల్లగా దించాడు.

"నేనూ ఆయన పక్కేనండీ. ఒక్కరే ఉంటే బాగోదు కదండీ."

గంగాధర కెటిల్ పెట్టాడు. ఈసారి రెండు గ్లాసులు కడిగాడు.