నాయినమ్మ నెత్తి మీద ఒట్టు

మొన్న కరీంనగర్‌లో పెద్దపల్లి బస్సు ఎక్కి కూర్చున్నాను. ముందు సీట్లో ఒక ముసలామె కొంగుముడి విప్పి, అరచేతిలో ఇంత తంబాకు వేసుకుని, దాని మీద కాస్త సున్నం రాసి, బొటనవేలితో మెల్లగా నలిపి, రెండు చరుపులు చరిచి బుగ్గన పెట్టుకుంది. ఆ చరుపుకు లేచిన ఘాటు ముక్కుకు తగలగానే నలభై దాటిన నేను తొమ్మిదేళ్ల పిల్లనైపోయాను. ఆ వాసన నాకు ఇష్టం. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా అది నిజం. ఆ వాసనంటే భయం కూడా. ఆ ఇష్టమూ ఆ భయమూ నాకు ఒకే ఇంట్లో పుట్టాయి.

మాది సుల్తానాబాద్. బాపు, అంటే మా నాన్న, రైసుమిల్లులో పనిచేసేవాడు. సాయంత్రం ఇంటికి వస్తే కనురెప్పల మీద కూడా తవుడు ఉండేది. అవ్వ, అంటే మా అమ్మ, బీడీలు చుట్టేది. పొద్దున వంట కాగానే మా అరుగు మీదికి వాడకట్టు ఆడవాళ్లంతా చేరేవారు. నానబెట్టిన తునికాకు పచ్చి వాసన, తడిగుడ్డలో చుట్టిన ఆకుకట్టల చల్లదనం, రేకుముక్క కొలతపెట్టి ఆకు కత్తిరిస్తుంటే వినిపించే కత్తెర చప్పుడు, ఒళ్లో చాటలు పెట్టుకుని గోడకు ఆనుకున్న వాళ్ల ముచ్చట్లు, మధ్యలో ఎవరో ఒకరి తుమ్ము, ఆ తుమ్ముకు అందరి నవ్వు, ఇవన్నీ కలిస్తేనే నాకు ఇల్లు. వానకాలంలో నిప్పుల మీద కాల్చిన మక్కకంకులు, దసరా ముందర గుట్టల నుంచి గంపల్లో వచ్చే సీతాఫలాలు, చలికాలంలో గిన్నెకు అంటుకుని ఎర్రగా మాడిన సర్వపిండి, ఎండాకాలంలో ఉల్లిగడ్డ ముక్కలు తేలే పచ్చిపులుసు. పండ్లంటే ఆ సీతాఫలాలే. కూరగాయలు సంతనాడు వచ్చి రెండు రోజుల్లో అయిపోయేవి. మిగతా రోజులన్నీ తొక్కు, ఎల్లిపాయ కారం, ఎండు చేపలు. అవి చాలా రుచిగా ఉండేవి. వాటిలో ఏదో తక్కువైందని మాకు తెలియదు.

నాయినమ్మ బాసర దిక్కు పల్లె నుంచి కోడలిగా వచ్చిన మనిషి. కోపమొస్తే ఆమె తెలుగులోకి మరాఠీ దూరేది. ఆమె నడుములో ఎప్పుడూ ఒక ఇత్తడి డబ్బా ఉండేది. దానికి రెండు వైపులా మూతలు. ఒక పక్క తంబాకు, ఒక పక్క సున్నం. లేవగానే ఒకసారి, తిన్నాక ఒకసారి, పనిలో ఉన్నప్పుడు లెక్కే లేదు. నిద్రపోయేటప్పుడు కూడా ఎడమ దవడన ఒక ఉండ ఉండాల్సిందే. పండగనాడు కల్లు తాగినా ఆ ఉండ తీసేది కాదు. అవ్వకు పెళ్లయిన కొత్తలో పంటినొప్పి వస్తే, తంబాకు పెనం మీద నల్లగా కాల్చి పొడి చేసి, దాంతో పళ్లు తోముకోమని నేర్పింది ఆమే. అప్పటి నుంచి అవ్వకు ఆ పొడి లేకుంటే తెల్లవారదు. దుకాణానికి పోయి డబ్బా నింపించుకుని రావడం నా పని. ఒకసారి దారిలో చిటికెడు నాలుక మీద వేసుకుని, కళ్లు తిరిగి మురుగుమోరీ పక్కన కూలబడ్డాను కూడా.

ఆ ఏడు సద్దుల బతుకమ్మనాడు అవ్వ సర్వపిండి చేసింది. మాడిన అంచు నాయినమ్మకు ప్రాణం. ఆ ముక్క కోసం నాతో పోట్లాడేది. ఆ రోజు నా కంచంలోకి తోసేసి, తను సద్దిలో పెరుగు పోసుకుని మెత్తగా పిసుక్కుంటూ కూర్చుంది. ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడల్లా ఎడమ కన్ను మూసుకుపోతోంది. నేను చూస్తున్నట్టు గమనించింది.

మరుసటి రోజు పెరట్లో నీళ్ల గోలెం దగ్గరికి పిలిచింది. "గిట్ల రా బిడ్డా" అని కూర్చోబెట్టుకుని, నోరు కొంచెం తెరిచి, వేలితో బుగ్గ పక్కకు లాగి చూపించింది. లోపల తెల్లగా, మధ్యలో ఎర్రగా, అంచులు పైకి లేచిన పుండు. చెడిపోయిన వాసన. నేను వెనక్కి జరిగాను.

"ఎన్నడైంది నాయినమ్మా?"

"ఎండకాలంల లేసింది. మానుతలేదు. ఎవ్వలకు చెప్పకు. చెప్తె మీ బాపు దవాఖాన అంటడు. మా అక్కను గట్లనే తీస్కపోయిండ్రు. మల్ల రాలే."

నా చెయ్యి తీసుకుని తన నెత్తి మీద పెట్టుకుంది. "నా మీద ఒట్టు. చెప్తె నేను సస్త."

ఎవరికీ చూపించకుండా ఉండలేక, చెప్పి తట్టుకునే ధైర్యం లేక, ఇంట్లో అందరికంటే చిన్నదాన్ని నన్ను ఎంచుకుందని ఇప్పుడు అర్థమవుతుంది. అప్పుడు మాత్రం చెబితే ఆమె చనిపోతుందన్నది ఒక్కటే నాకు తెలుసు.

రెండున్నర నెలలు ఆ మాట దాచుకుని తిరిగాను. అన్నానికి కూర్చుంటే నా కళ్లు ఆమె దవడ మీదే. ఇంట్లో వాళ్లకు పన్ను నొస్తుందని చెప్పింది. నొప్పి తగ్గడానికి ఇంకో చిటికెడు తంబాకు అదే చోట పెట్టుకునేది. ఆ తంబాకు తెచ్చేది నేనే. పొద్దున లేచి అద్దంలో నా నాలుక చూసుకునేదాన్ని, ఆనాటి చిటికెడు నాకేమైనా చేసిందేమోనని. బడిలో పంతులు ప్రశ్న అడిగితే నోరు తెరవడానికి కూడా భయపడ్డాను, తెరిస్తే ఆ మాటే వస్తుందేమోనని. వరికోతలయ్యాయి. మిల్లులో ధాన్యం నిండింది, బాపు ఇంటికి రావడమే తక్కువైంది. నాయినమ్మ అన్నం మాని అంబలికి దిగింది. అవ్వ రెండుమూడుసార్లు "ఏమైందత్తా, గింత బక్కగైతున్నవ్?" అని అడిగింది. నాయినమ్మ నా వైపు చూసి "ఏంగాలే" అనేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అంబలి తాగుతూ ఆమె గిలాస కింద పెట్టింది. దాని అంచున రక్తం. కొంగుతో గబగబా తుడిచేసింది. నేను లేచి అరుగు మీదికి పరుగెత్తాను. అక్కడ అయిదారుగురు ఆడవాళ్లు. అవ్వ పక్కన కూర్చున్నాను. ఒట్టు గుర్తొచ్చింది. ఎవరో తమ కోడలి ముచ్చట చెబుతున్నారు, అందరూ నవ్వుతున్నారు. అప్పుడు నాకొక ఆలోచన తట్టింది. చెప్పొద్దని కదా ఒట్టు, చూపించొద్దని కాదు. అవ్వ చెయ్యి పట్టుకుని లాగాను. ఒళ్లోని చాట పక్కకు జరిగి తంబాకు ఒలికింది. "ఏందే నీ లొల్లి?" అని తిడుతూనే లోపలికి వచ్చింది. నేను నాయినమ్మ ముందు నిలబడి, "నోరు తెరువు" అన్నాను.

నాయినమ్మ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నేను మరిచిపోలేదు. కోపం కాదు. చాలాసేపు మోసిన బరువు ఎవరో దించబోతుంటే చూసినట్టు చూసింది. నోరు తెరవబోయింది. ఒక వేలు పట్టేంత కూడా తెరుచుకోలేదు. అయినా అవ్వకు అర్థమైంది. గోడకున్న అద్దం దగ్గరికి పోయి, తన పెదవి కిందికి లాగి చూసుకుంది. ఎందుకు చూసుకుంటోందో నాకు తెలియలేదు.

నేను లేకుండా కదలనని నాయినమ్మ మొండికేస్తే కరీంనగర్ దవాఖానకు నన్నూ తీసుకుపోయారు. డాక్టరు నెమ్మదస్తుడు. టార్చి వేసి చూశాక ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టాడు. తంబాకు ఎన్నేళ్ల నుంచి? సున్నం కలుపుతరా? నిద్రలో కూడా ఉంటదా? కల్లు? ఏం తింటరు? కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు వారానికి ఎన్నిసార్లు? ఆయన అడుగుతుంటే బాపు జవాబులు చెబుతున్నాడు. ఒక్కో జవాబుకు మా ఇల్లు, మా అరుగు, మా పండగలు ఒక్కొక్కటిగా బోనులో నిలబడుతున్నట్టు అనిపించింది నాకు. చివరికి బాపు ఉండబట్టలేక అన్నాడు.

"మా అవ్వ ఎవ్వలనీ ఒక్క మాట అన్లే సారూ. గీమెకెందుకొచ్చింది?"

"ఇది శిక్ష కాదయ్యా" అన్నాడు డాక్టరు. "తంబాకు, సున్నం ఒక్కచోటనే ఏండ్లకు ఏండ్లు ఉంటే అక్కడి కండ చెడిపోతది. కల్లు తోడైతే ఇంకింత. మంచి తిండి లేకుంటే ఒంటికి బాగుచేసుకునే బలం తక్కువైతది. నమిలినోళ్లందరికీ వస్తదని కాదు, నమలనోళ్లకు రానే రాదని కాదు. నమిలినోళ్లకు చానా ఎక్కువగ వస్తది. అంతే."

ఆయన అవ్వ వైపు తిరిగాడు. "నువ్వేమన్న పెడ్తవా అమ్మా?"

"నమల సారూ. పండ్లు తోముకునే పొడి. తంబాకు గాల్చి..."

"నోరు తెరువు."

ఆ టార్చి వెలుగు అవ్వ కింది పెదవి లోపల చాలాసేపు ఆగింది. బాపు కుర్చీ అంచు పట్టుకున్నాడు. అక్కడ కూడా ఒక తెల్లమచ్చ ఉంది. ఇద్దరికీ చిన్న చిన్న ముక్కలు తీసి పరీక్షకు పంపారు. పది రోజులు ఆగమన్నారు.

ఆ పది రోజులు మా ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదో నాకు గుర్తు లేదు. అవ్వ పొడి డబ్బా పెంటకుప్పలో పారేసింది. ఒక పొద్దున ఆ పెంట దగ్గరే నిలబడి ఉండడం చూశాను. నన్ను చూసి లోపలికి వచ్చేసింది. అరుగు మీద కత్తెర ఆడుతూనే ఉంది, కానీ ముచ్చట్లు ఆగిపోయాయి.

పదో రోజు బాపు ఒక్కడే కరీంనగర్ పోయి మధ్యాహ్నం బస్సుకు వచ్చాడు. చేతిలో కాగితాలు. గడపలోనే ఆగి ముందు అవ్వతో అన్నాడు, "నీది క్యాన్సర్ కాలేదట. ఇడిసిపెడితె తగ్గుతదట. ఆరు నెల్లకోసారి చూపియ్యాలె." తర్వాత పోయి నాయినమ్మ పక్కన కూర్చున్నాడు.

"నాదయిందా?" అంది నాయినమ్మ.

"అయిందవ్వా."

ఆమె కాసేపు తన చేతులు చూసుకుంది. "కోడలిది కాకుంటె సాలు. గా పొడి నేనే నేర్పిన" అంది.

వార్త వాడకట్టంతా పాకింది. అరుగు మీదికి వచ్చేవాళ్లు తగ్గారు. ఒకరోజు పక్కింటి ఈశ్వరవ్వ పలకరించడానికి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడి, "గిలాస, కంచం అలగ్ పెట్టున్రి. పిల్లలున్న ఇల్లు" అంది. వేరుగా పెట్టమని మంచికే చెప్పింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు. నాయినమ్మ సగం తాగిన అంబలి గిలాస ఆమె చేతిలోనే ఉంది, ఆ చెయ్యి దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక గాలిలో ఆగింది. అత్తాకోడళ్లకు ఎన్నడూ సరిపడేది కాదు. నీళ్ల దగ్గర, ఉప్పు దగ్గర, నా జడ దగ్గర కూడా తగువే. అవ్వ వచ్చి ఆ గిలాస తీసుకుని, అందరూ చూస్తుండగా అడుగుదాకా తాగేసింది.

"అంటేదైతె నాకే ముందుగాల అంటాలె" అంది. "పదకొండేండ్ల సంది ఒక్క కుండల తింటున్నం."

నాయినమ్మకు హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది. ఎడమ దవడ తీసేశారు, తర్వాత కరెంటు పెట్టారు, అంటే రేడియేషన్ ఇచ్చారు. ఏడాదిన్నర బతికింది. మాట ముద్దగా వచ్చేది, నాకూ అవ్వకూ మాత్రమే అర్థమయ్యేది. ఒకరోజు ధైర్యం చేసి అడిగాను, నేను బతుకమ్మ పండక్కే చెప్పి ఉంటే ఈ దవడ ఉండేదా అని. ఆమె నా చెయ్యి తీసుకుని మళ్లీ తన నెత్తి మీద పెట్టుకుంది, తర్వాత తనే తీసేసింది. "ఒట్టు తీసిన పో. ఏసింది నేను. తప్పు నాది" అంది. ఆ మాట నేను నమ్మడానికి చాలా ఏళ్లు పట్టింది. ముందే పోయి ఉంటే నయం అయ్యే అవకాశం ఎక్కువని ఇప్పుడు తెలుసు. తొమ్మిదేళ్ల పిల్ల మోయాల్సిన బరువు అది కాదని కూడా తెలుసు. అవి రెండూ తెలిసిన తర్వాత కూడా కొన్ని రోజులు కష్టంగానే ఉంటుంది.

అవ్వ ఆ అలవాటు మానడం ఇంకో యుద్ధం. పొడి మానేసిన మనిషి పొద్దంతా తంబాకులోనే చేతులు పెట్టి కూర్చోవాలి, ఎందుకంటే బీడీలు మానేస్తే ఇల్లు గడవదు. ఒళ్లో చాట నిండా అదే, ముక్కు నిండా అదే. నోట్లో మాత్రం లవంగమో, చిటికెడు వామో. తలనొప్పికి గుడ్డ కట్టుకునేది, ఊరికే నా మీద అరిచేది, మళ్లీ దగ్గరికి తీసుకునేది. ముక్కుకు గుడ్డ కట్టుకుని బీడీలు చుట్టిన మొదటి మనిషి మా వాడకట్టులో ఆమే. అందరూ నవ్వారు. సంత నుంచి రెండు రోజుల కూర తెచ్చే బాపు నాలుగు రోజుల కూర తేవడం మొదలుపెట్టాడు. ఏడాదికి ఆ తెల్లమచ్చ పలచబడింది, రెండో ఏడు కనబడలేదు.

ఇప్పుడు ఆ అరుగు లేదు. రోడ్డు వెడల్పులో పోయింది. చాటలూ లేవు, ఆ ఆడవాళ్లలో సగంమంది లేరు, ఉన్నవాళ్లు తమ తమ ఇళ్లలో టీవీల ముందు ఉన్నారు. ఆ పని పోయినందుకు నాకు బాధ లేదు. కానీ ఒకరి తుమ్ముకు పదిమంది నవ్వే చోటు మళ్లీ నాకెక్కడా దొరకలేదు. తంబాకు మాత్రం పోలేదు, రంగురంగుల పొట్లాల్లోకి చేరి బడి పక్క దుకాణాల్లో వేలాడుతోంది.

పోయిన నెల మా బిడ్డకు గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ రాకుండా ఇచ్చే టీకా వేయించడానికి కరీంనగర్ పోయాము. అవ్వను కూడా తీసుకుపోయాను, ఏడాదికోసారి నోరు చూపించుకునే రోజు అదే. ఆ క్యాన్సర్ ఎక్కువగా ఒక వైరస్ వల్ల వస్తుందని డాక్టరమ్మ చెబితే అవ్వ గాబరాపడింది. "అయితె అంటుకుంటదా బిడ్డా?" అని అడిగింది. వైరస్ అంటుకుంటుంది గానీ క్యాన్సర్ అంటుకోదని, అది సోకిన అందరికీ క్యాన్సర్ కాదని, టీకా వేసినా పెద్దయ్యాక పరీక్షలు మానొద్దని ఆమె ఓపికగా చెప్పింది. అవ్వ మనవరాలి భుజం మీద చెయ్యి వేసి సూది దిగేదాకా అలాగే నిలబడింది.

తర్వాత తన వంతు. డాక్టరమ్మ టార్చి వేసి, పెదవి కిందికి లాగి, బుగ్గలు రెండూ చూసి, బాగుందని చెప్పింది. చేతులు కడుక్కుంటూ మామూలుగా అడిగింది, ఇన్నేళ్లయింది కదా, ఇంకా ఎప్పుడైనా ఆ పొడి మీదికి మనసు పోతుందా అని.

అవ్వ కొంగు సర్దుకుంది.

"పోతది బిడ్డా. రోజు పొద్దుగాల లేస్తనే పోతది" అంది. "మనసు పోతది. నేను పోను."