చాంద్‌బీ చెంబు

చింతపండుతో తోమిన ఇత్తడి వాసన మా వంటింట్లో మళ్లీ మొన్ననే వచ్చింది. బీమా ఆఫీసు నుంచి ఒకావిడ ఇల్లు చూడడానికి వస్తానంటే, పెళ్లిచూపులకు సర్దినట్టు పొద్దున్నే ఇల్లంతా సర్ది, మా ఆయన పోయినప్పటి నుంచి ఎవరూ ముట్టక నల్లబడిన నీళ్ల చెంబును కూడా బయటికి తీసి తోమాను. నిజామాబాద్‌లో ఈ ఇల్లు ఆయన కట్టించిందే. దీని మీది బీమా ఏటేటా ఆయనే కట్టేవాడు, ఆయన పేరు మీదే. ఇప్పుడది నా పేరుకు మారాలి, ఎంతకు చేయించాలో, దేనిదేనికి చేయించాలో నేనే చెప్పాలి. మొగుడు పోయి నాలుగు నెలలైనా కాకముందే ఇంటికి వెల కట్టించుకుంటోందని అయినవాళ్లు ఏమనుకుంటారోనని, ఆవిడ రాకముందే వీధి తలుపు దగ్గరికి వేశాను.

గోడలకు, కప్పుకు ముందునుంచీ బీమా ఉంది. ఇంట్లో సామాన్లకే లేదు. దానికి కారణం నేను. ఏటా ఆ సమయం రాగానే ఆయన "సామాన్లకు గూడ చేపిద్దామే, ఎంతయితదని" అనేవాడు. "నా గిన్నెల జోలికి ఎవ్వలు రావద్దు" అని నేను కస్సుమనేదాన్ని. అపశకునమని భయపడుతున్నానేమో అనుకొని పాపం ఊరుకునేవాడు. ఆయనకు తెలియనిదేమిటంటే, సామాన్లు కాలిపోతే ఇంకొకరు ఇవ్వడం, మనం తీసుకోవడం ఎట్లా ఉంటుందో నాకు చిన్నప్పుడే తెలుసు.

మాది బోధన్ దగ్గర చెరుకు పండే ఊరు. చలికాలం వచ్చిందంటే ఊరి బాట నిండా చెరుకు బండ్లు, ఎడ్ల మెడల్లో గంటలు, బండి వెనక వేలాడుతూ గడలు లాగే మా పిల్లల గుంపు, గాలి తిరిగినప్పుడల్లా చక్కెర ఫ్యాక్టరీ మీదుగా వచ్చే ఆ పుల్లటి తీపి వాసన. గానుగ దగ్గర చెరుకాకులో పోసిచ్చే వేడి బెల్లం నాలుక కాల్చేది, అయినా ఆగేవాళ్లం కాదు. హోలీ వచ్చేసరికి మోదుగుపూలు ఉడకబెట్టిన రంగునీళ్లు, మెడలో ఎండుకొబ్బరి కుడుకల దండ. సాయంత్రానికి దండలో దారం మాత్రమే మిగిలేది. మా ఇంటి కప్పు కూడా చెరుకాకుదే. వాన పడితే అది తియ్యగా వాసన వేస్తుందని నేను స్నేహితురాళ్లకు గొప్పగా చెప్పుకునేదాన్ని.

ఒక ఏడు హోలీకి ముందు ఆ కప్పు కాలిపోయింది. బాపు బండి తోలుకొని ఫ్యాక్టరీ ముందు వరుసలో ఉన్నాడు, అవ్వా (అమ్మను అట్లాగే పిలిచేదాన్ని) నేనూ చేనులో ఉన్నాం. మా పొయ్యిలో బూడిదే రాజుకుందో, ఎక్కడి రవ్వ ఎగిరొచ్చిందో ఎవరూ తేల్చలేదు. మేం పరుగెత్తుకొచ్చేసరికి నాలుగు మొండిగోడలు, మధ్యలో పొగ. అవ్వ ఏడవలేదు. చేతిలో ఉన్న కొడవలి ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూసింది, పెట్టడానికి చోటు లేదు మరి.

మా దిక్కు ఇల్లు కాలినవాళ్లకు ఏదీ చేతికివ్వరు. చేతికిస్తే తీసుకున్నవాళ్లు తలెత్తుకోలేరని, తెల్లవారకముందే వచ్చి కాలిన వాకిట్లో పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోతారు. ఎవరిచ్చారో చూడకూడదు, అడగకూడదు. మర్నాడు లేచేసరికి మా వాకిలి నిండా గిన్నెలు, గంటెలు, గొంగళ్లు, జొన్నల మూట. ఇంత మర్యాద తెలిసిన మా ఊరివాళ్లు ఒక్క సంగతి మాత్రం మరిచిపోయారు. ఊళ్లో ప్రతి గిన్నె మీదా పేరు కొట్టించి ఉంటుంది. గాజులమ్మే చాంద్‌బీ ఇచ్చిన ఇత్తడి చెంబు మీద చాంద్‌బీ పేరు, ఇత్తడి బిందె మీద నాగళ్లు చెక్కే వడ్లాయన పేరు, బడికి రొట్టె తీసుకుపోను నాకు దొరికిన డబ్బా మీద గంగారాం పేరు. గంగారాం కూతురు లక్ష్మి నా క్లాసే.

"గిది మా బాపు డబ్బ" అంది లక్ష్మి, మధ్యాహ్నం అందరం తినడానికి కూర్చున్నప్పుడు. ఎగతాళికి కాదు, ఎరిగిన మనిషి కనబడితే పలకరించినట్టు అంది. అందరూ వంగి చూశారు. సగం తిన్న రొట్టె మీద మూత పెట్టేశాను. సాయంత్రం ఇంటికి పోయి ఆ డబ్బా ఇక తీసుకుపోనని మొండికేస్తే అవ్వ, "పేరు వాళ్లదైతేంది బిడ్డా, లోపటి రొట్టె మన్దే గదా" అంది. బాపు లేచాడు. గూట్లోని గిన్నెలన్నిటినీ ఒక్కొక్కటిగా గోడవైపు తిప్పిపెట్టాడు, పేర్లు కనబడకుండా. ఆ తర్వాత మా ఇంట్లో గిన్నె తోమితే అట్లాగే తిప్పి పెట్టడం అలవాటైపోయింది. ఇప్పటికీ నా చెయ్యి అట్లాగే తిప్పుతుంది.

పెళ్లయి ఈ ఊరొచ్చాక కొన్న ప్రతి గిన్నె మీదా నా పేరు కొట్టించాను, చెంచాలను కూడా వదల్లేదు. దుకాణంలో ఆ మిషను గుర్రుమంటుంటే పక్కనే నిలబడి అక్షరాలు సరిగ్గా పడుతున్నాయో లేదో చూసేదాన్ని. మా ఆయన పడీపడీ నవ్వేవాడు. అవ్వ నాతో పంపిన ఆ చాంద్‌బీ చెంబు ఒక్కటే పరాయి పేరుతో మిగిలింది. ఆయనకు ఆ చెంబే నచ్చింది. "ఏందే, రోజూ నాకు నీళ్లు తాపుతది, ఎవలీ చాంద్‌బీ?" అని అడిగాడు ఒకసారి. "పాత సామాన్లోడి దగ్గర కొన్న" అన్నాను. అప్పటి నుంచి దాహమైతే చాలు, "చాంద్‌బీని పిలువు" అని కేకేసేవాడు. మా ఇల్లు కాలిందని, మేం పది ఇళ్ల గిన్నెల్లో తిని పెరిగామని ఆయనకు ఎన్నడూ చెప్పలేదు. చెబితే ఏమనేవాడు? ఏమీ అనేవాడు కాదు. అది తెలిసి కూడా సిగ్గు నా నోరు నొక్కేసింది.

బీమా ఆవిడ గదులన్నీ చూసి వంటింట్లోకి వచ్చింది. "సామాన్లకు గూడ చేయించుకోన్రమ్మా, ఒక్కరే ఉంటరు" అంది. అలవాటుగా వద్దని నోటిదాకా వచ్చింది. ఇంతలో ఆవిడ చెంబు చేతిలోకి తీసుకొని, తిప్పి చూసి, "చాంద్‌బీ అని ఉంది. ఇది మీదేనా?" అంది.

ఇంత వయసొచ్చి, మనుమలను ఎత్తుకున్నదాన్ని, బడిలో డబ్బా ముందు కూర్చున్న పిల్లలా తల దించుకున్నాను.

"మాదే. నా చిన్నప్పుడు ఇల్లు కాలితె ఇచ్చిన్రు" అన్నాను.

ఆవిడ మెల్లగా తలూపింది. "పాత ఇత్తడికి పైసలు పెద్దగ రావమ్మా."

"రాకున్నా రాయి. అన్నీ రాయి."

ఆ చెరుకాకు ఇళ్లు ఇప్పుడు లేవు. ఫ్యాక్టరీ కూత పెట్టక ఏళ్లయింది, గాలి ఎటు తిరిగినా ఆ వాసన రాదు. గిన్నెల మీద పేర్లు కొట్టించుకునేవాళ్లూ లేరు. ఇక ఇల్లు కాలితే డబ్బు బ్యాంకులో పడుతుంది, ఎవరి పేరూ ఎవరికీ కనబడదు. బడిలో ఆ డబ్బా ముందు కూర్చున్ననాడు నాకు కావాల్సింది అదే.

ఆవిడ వెళ్లాక చెంబు నిండా నీళ్లు పోసి, పేరు ఇవతలికి కనబడేటట్టు ఆయన కుర్చీ పక్కన పెట్టాను. ఎవలీ చాంద్‌బీ అని అడిగినవాడికి జవాబు ఇప్పుడు నా నోటికొచ్చింది. అడిగినవాడే లేడు.