మూడు స్తంభాలు జోరుగా

మాస్టారు పోయారన్న సంగతి నాకు వాచ్‌మన్ చెప్పాడు. అప్పటికే బూట్లు వేసుకుని, మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర పావుగంట నుంచి ఆయన కోసం నిలబడి ఉన్నాను. ఆలస్యం చేశారని కాస్త విసుక్కున్నాను కూడా. తెల్లారుజామున నిద్రలోనే పోయారట. ఎనభై ఒకటి నిండాయి.

ఆయన నాలుగో అంతస్తులో కూతురి దగ్గర ఉండే రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు. నాది రెండో అంతస్తు. కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషన్‌లో ముప్ఫై ఏళ్లు చేసి రిటైరయ్యాను. మా ఆవిడ పోయాక రోజుకి నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప. షుగరొచ్చింది, నడవమని డాక్టరు చెప్పాడు. చేతులు వెనక్కి కట్టుకుని బందరు కాలవ గట్టున రోజూ గంట నడిచేవాణ్ణి. ఆర్నెల్లయినా షుగరు తగ్గలేదు.

ఒకరోజు మాస్టారు వెనక నుంచి వచ్చి నన్ను కలుసుకున్నారు.

"ఏమండీ థర్మల్‌గారూ, ఇది నడకా, ఊరేగింపా?"

"రోజూ గంట నడుస్తున్నానండీ" అన్నాను ఉక్రోషంగా.

"గంటసేపు పొయ్యి మీద పెడితే సరిపోద్దా? కింద మంట ఉండొద్దూ? బాయిలరు దగ్గర పనిచేసిన మీకు నేను చెప్పాలా?"

మర్నాడు పౌరుషంకొద్దీ పరిగెత్తినంత పని చేశాను. నాలుగో కరెంటు స్తంభం దగ్గర కూలబడ్డాను. నోట మాట రాలేదు. ఆయన తిట్టలేదు. పక్కనే కూర్చుని, నా ఊపిరి కుదుటపడేదాకా చెయ్యి పట్టుకున్నారు. "నిన్నటిదీ తప్పే, ఇవాళ్టిదీ తప్పే. నడుస్తుంటే ఆయాసానికి పాట రాకూడదు, మాట మాత్రం ఆగకూడదు. ఆ రెంటికీ మధ్య నడవాలండీ" అన్నారు.

అదే ఆయన కొలత. వాచీ లేదు, ఫోను లేదు. మూడు స్తంభాలు జోరుగా, రెండు స్తంభాలు మెల్లగా. మెల్లగా నడిచేటప్పుడు ఆయన చర్చిలో పాడే కీర్తన ఏదో ఎత్తుకునేవారు. జోరు స్తంభాల్లో నేను మాట్లాడాలి. "నిన్న ఏం వండుకున్నారు?" అనడిగేవారు. మొదట్లో చెప్పడానికి ఏమీ ఉండేది కాదు, కర్రీ పాయింటు నుంచి తెచ్చుకునేవాణ్ణి. ఆయనకి చెప్పడానికైనా ఉండాలని దొండకాయ వేపుడు నేర్చుకున్నాను. అది మాడిపోతే, ఎలా మాడిందో మూడు స్తంభాలూ చెప్పేవాణ్ణి. ఆయన శ్రద్ధగా వినేవారు, మధ్యలో ఉప్పెంత వేశారని కూడా అడిగేవారు.

నాలుగు నెలలకి షుగరు దిగింది. రిపోర్టు తీసుకెళ్లి చూపిస్తే, చదివి మడిచి ఇచ్చేశారు. "అయితే రేపట్నుంచి నాలుగు స్తంభాలు" అన్నారు. మెచ్చుకోవడమంటే ఆయనకి అదే.

సమాధి చేసి తిరిగొస్తుంటే పక్క ఫ్లాటాయన అన్నాడు: "రోజూ అంత నడిచినాయనే పోయారు. ఇక మనకెందుకండీ ఈ నడకలు?" నాకు ఒళ్లు మండింది. పోయే ముందురోజు కూడా మాస్టారు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా గట్టుదాకా వచ్చారని చెప్పబోయాను. మానేసి, ఆయన్ని దాటి ముందుకి నడిచాను. రోజుకి ముప్పావుగంట నా మాటలు వినే మనిషి ఇక లేరు. ఆ బాధ చెప్పుకోవాలన్నా నాకున్నది ఆయనే.

వారం తర్వాత మళ్లీ గట్టుకి వెళ్లాను. మానేస్తే ఆయన ఊరుకోరనిపించింది. జోరు కాళ్లకి గుర్తుంది. కానీ అది సరిపోయిందో, మించిందో తెలియాలంటే మాట్లాడాలి. ముందు గొణిగాను. తర్వాత పైకే చెప్పడం మొదలుపెట్టాను. వారంగా పొయ్యి వెలిగించలేదనీ, మన లిఫ్టు మళ్లీ ఆగిపోయిందనీ, ఇవాళ రెండు స్తంభాలకే ఆయాసం వస్తోందనీ చెప్పుకుంటూ నడిచాను. ఎదురుగా వస్తున్న ఒకావిడ, నేను ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నాననుకుని, మర్యాదగా పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది.